చిల్ల బొగ్గు, షాఫ్టు ముక్క, కమాన్ పట్టీ: పెరట్లో కొలిమి పని డైరీ

నేను చీమకుర్తి దగ్గర ఒక గ్రానైటు పాలిషింగ్ ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఫిట్టర్ని. వెల్డింగు, గ్రైండరు, డ్రిల్లు రోజూ పట్టుకునేవే. ఇనుమును నిప్పులో కాల్చి సాగగొట్టడం మాత్రం ఈ సంక్రాంతికి ముందు ఎప్పుడూ చేయలేదు. మా ఊళ్లో కొలిమి ఆరిపోయి చాన్నాళ్లయింది. కొడవలికి కక్కు కొట్టించాలన్నా, గడ్డపార మొన సాగదీయించాలన్నా పక్క ఊళ్లు తిరగాలి. అందుకని పెరట్లో రేకుల కొట్టం కింద ఐదు వస్తువులు చేద్దామని మొదలుపెట్టాను: కొలిమి, దాగలి (కాలిన ఇనుమును పెట్టి కొట్టే దిమ్మ), పట్టుకారు, తొలిక (కలుపు తీసేది), మచ్చుకత్తి (కొమ్మలు కొట్టేది). మొదటి మూడూ లేకుండా చివరి రెండూ రావు కాబట్టి ఈ వరుస.

ఏది ఎందుకు పాడైందో ఎక్కువ రాశాను. ఎవరైనా చేసేట్టయితే నేను పోగొట్టుకున్న డబ్బూ బొగ్గూ వాళ్లకు మిగలాలి. ధరలు నేను ఇచ్చినవి. కొలతలు టేపుతో, తూకంతో, ఫోను గడియారంతో నేను తీసినవి.

ఒకటో దశ: కొలిమి (మూడుసార్లు కట్టింది)

మొదటిది: గ్రానైటు ముక్కలు, జీఐ పైపు

మా వైపు గెలాక్సీ గ్రానైటు తునకలకు కొదవ లేదు. ఫ్యాక్టరీల వెనక గుట్టలు గుట్టలుగా ఉంటాయి, ఊరికే తెచ్చుకోవచ్చు. నాలుగు ముక్కలు నిలబెట్టి గుంట కట్టాను. గాలికి ఒకటిన్నర అంగుళం జీఐ పైపు (జింకు పూత పూసిన ఇనుప పైపు) పెట్టాను. సాయంత్రం ఐదింటికి నిప్పు రాజేశాను.

ఇరవై నిమిషాలకు ఠప్పుమని శబ్దం. అరచేతిలో సగం ఉండే పెచ్చు ఒకటి రాయి నుంచి ఊడి, రెండు మీటర్ల అవతల తడికకు తగిలి పడింది. కళ్లద్దాలు ఉన్నాయి గానీ ఆ క్షణం నేను వంగి బొగ్గు సర్దుతుంటే ముఖానికే తగిలేది. నిప్పు వైపు ముఖం గబగబా వేడెక్కి వ్యాకోచిస్తుంది, వెనక వైపు చల్లగానే ఉంటుంది, మధ్యలో రాయి చీలుతుంది. సన్న పగుళ్లలో తడి ఉంటే అది ఆవిరై ఇంకా తోస్తుంది. రోజూ ఆ రాతి మధ్యే పనిచేసే నాకు ఇది తట్టకపోవడం నాకే కష్టంగా అనిపించింది. గ్రానైటును నిప్పు దగ్గరికి తేవద్దు. వేరే పనికి ఇదే రాయి బ్రహ్మాండంగా పనికొచ్చింది, నాలుగో దశలో రాస్తాను.

రెండో తప్పు అదే రాత్రి తెలిసింది. పైపు మొన చుట్టూ తెల్లటి పొగ లేస్తుంటే బొగ్గులో తడి అనుకున్నాను. తర్వాత చూస్తే పైపు మీద దూదిలాంటి తెల్లటి పొర పేరుకుంది. అది జింకు పూత కాలిన బూడిద. జింకు 907 డిగ్రీల దగ్గర మరుగుతుంది, గాలి కొట్టిన బొగ్గుల నిప్పు దాన్ని సులువుగా దాటిపోతుంది. రాత్రి పదింటికి చలి, ఒళ్లు నొప్పులు, నోట్లో ఏదో లోహం చప్పరించినట్టు తీపి రుచి. అమ్మ మలేరియా అనుకుని కంగారుపడింది. మర్నాటి సాయంత్రానికి తగ్గింది. జీఐ పైపు, జీఐ రేకు, మెరుపు పూత ఉన్న బోల్టు, ఏవీ నిప్పులో పెట్టొద్దు. పొరపాటున పెట్టి జ్వరం వస్తే డాక్టరుకు ఏం కాల్చారో చెప్పండి, మామూలు జ్వరం మందులతో కాలక్షేపం చేయొద్దు.

రెండోది: బ్రేకు డ్రమ్ము

పాత ఇనుము కొట్టులో చిన్న లారీ బ్రేకు డ్రమ్ము దొరికింది. 22 కిలోలు, కిలో 40 చొప్పున 880 రూపాయలు. అడుగునుంచి గాలి వచ్చేట్టు అమర్చాను. నిప్పు బాగానే పట్టింది. కానీ డ్రమ్ము వెడల్పు 30 సెం.మీ., నాకు కావలసిన వేడి పిడికెడంత చోట. మిగతా బొగ్గంతా ఊరికే కాలిపోయింది.

16 మి.మీ. కడ్డీ నారింజ రంగుకు రావడానికి పట్టిన కాలం: 6 నిమిషాల 40 సెకన్లు.
గంటకు బొగ్గు: 4.5 కిలోలు.

మూడో రోజు పని ముగించి, నిప్పు త్వరగా ఆరిపోవాలని చెంబెడు నీళ్లు పోశాను. డ్రమ్ము పోత ఇనుము. అంచు నుంచి బోల్టు రంధ్రం దాకా నెర్రె విచ్చింది. అదే కొట్టుకు కిలో 32 లెక్కన తిరిగి ఇచ్చేశాను, 704 వచ్చాయి.

మూడోది: పుట్టమన్ను కొలిమి (ఇప్పటికీ నడుస్తున్నది)

మా ఊళ్లో కొలిమి నడిపిన ఆచారి తాతకు ఇప్పుడు ఎనభై దాటాయి. పనిచేయలేడు గానీ మనిషిని పంపితే వచ్చి కూర్చుంటాడు. డ్రమ్ము సంగతి విని ఒకటే మాట అన్నాడు.

"గాలి కిందనించి గాదబ్బయ్యా, పక్కనించి రావాల. బొగ్గుకు గుంట గావాల గానీ పళ్లెం ఎందుకు?"

చేతికి దగ్గరగా ఉందని మొదట మా చేలో నల్లరేగడి తెచ్చి మెత్తాను. మూడు రోజులకు వేలు దూరేంత నెర్రెలు. తడికి ఉబ్బి ఎండకు ముడుచుకునే మన్ను అది. దాన్ని గీకేసి పుట్టమన్ను తెచ్చాను. ఇది నిలిచింది.

1. 200 లీటర్ల నూనె డ్రమ్మును అడ్డంగా సగానికి కోయాలి. కోసేముందు నేను నీళ్లతో నిండా నింపి రెండుసార్లు ఒంపేశాను. లోపల నూనె ఆవిరి మిగిలితే గ్రైండరు నిప్పురవ్వకు పేలుతుంది.
2. మూడు డబ్బాల పుట్టమన్ను, రెండు డబ్బాల జల్లించిన ఇసుక, ఒక డబ్బా బూడిద, రెండు గుప్పిళ్ల వరి ఊక. ముద్ద చేసి నేలకేస్తే పగలకుండా సాగాలి.
3. గాలిగొట్టానికి పూత లేని మందపాటి ఎంఎస్ (మామూలు మెత్తటి ఉక్కు) పైపు, లోపలి వెడల్పు 25 మి.మీ. గుంట అడుగు నుంచి 7 సెం.మీ. ఎత్తున పక్కనుంచి దూర్చాలి.
4. గుంట కొలత: పొడవు 25, వెడల్పు 18, లోతు 12 సెం.మీ.
5. ఆరు రోజులు నీడన ఆరనివ్వాలి. తర్వాత పుల్లలతో గంటసేపు చిన్న మంట. పడిన సన్న నెర్రెల్లో అదే మన్ను పలచగా కలిపి పూడ్చాలి.

గాలికి సెకండ్‌హ్యాండ్ బ్లోయరు, 650 రూపాయలు. వేగం తగ్గించడానికి ఫ్యాను రెగ్యులేటరు కలిపితే మోటారు మూలిగి వేడెక్కింది. తీసేసి, గొట్టానికి మధ్యలో గాటు కోసి రేకు ముక్క జారేట్టు పెట్టాను. రేకు ఎంత లాగితే అంత గాలి. మోటారు హాయిగా ఒకే వేగంతో తిరుగుతుంది. మామూలు పనికి రేకు 12 మి.మీ. తెరిస్తే చాలు. మొదటి రోజు పూర్తిగా తెరిచి కడ్డీని వదిలేశాను. మొనన దీపావళి కాకరపువ్వొత్తి లాగా తెల్లటి రవ్వలు లేచాయి. అంటే ఇనుమే కాలిపోతోంది. బయటికి తీసి ఒక్క దెబ్బ వేస్తే మొన అటుకుల్లా రాలింది. కాలిన ముక్కను బాగుచేయడం కుదరదు, కోసి పారేయడమే.

మా వైపు చిల్లచెట్ల (సర్కారు తుమ్మ) బొగ్గే చౌక, కిలో 28. నిమ్మకాయంత ముక్కలుగా కొట్టుకోవాలి. పెద్దవి వేస్తే మధ్యన సందుల్లోంచి గాలి నేరుగా ఇనుముకు తగిలి పొలుసు కడుతుంది. పొడి అయితే గాలి ఆడదు. సరిగా కాలని చిల్ల బొగ్గు చిటపటలాడి నిప్పులు చిమ్ముతుంది, వాటిని ఏరి పక్కన పెట్టుకోవాలి.

కొత్త కొలిమిలో అదే 16 మి.మీ. కడ్డీ: 2 నిమిషాల 30 సెకన్లు.
గంటకు బొగ్గు: 2 కిలోలు.

ఒకటో దశ లెక్క: జీఐ పైపు 160, బొగ్గు బస్తా 25 కిలోలు 700, బ్రేకు డ్రమ్ము 880, బ్లోయరు 650, నూనె డ్రమ్ము 350, ఎంఎస్ పైపు 180. మొత్తం 2,920. తిరిగి వచ్చినవి 704.
ఇప్పటిదాకా: 2,216 రూపాయలు, 22 గంటలు, 25 కిలోల బొగ్గు.

రెండో దశ: దాగలి

అందరూ మొదట చెప్పేది రైలు పట్టా ముక్క. మా మీదుగానే విజయవాడ, గూడూరు లైను పోతుంది కాబట్టి పాత ఇనుము కొట్లలో అప్పుడప్పుడూ ముక్కలు కనిపిస్తాయి. నాకూ ఒకచోట 60 సెం.మీ. ముక్క చూపించారు. బిల్లు అడిగితే లేదన్నారు. కొనలేదు. రైల్వే సొమ్ము సరైన కాగితం లేకుండా మన దగ్గర ఉంటే రైల్వే ఆస్తి అక్రమ స్వాధీనం చట్టం, 1966 కింద కేసు అవుతుంది. "నేను డబ్బులిచ్చి కొన్నాను" అనే మాట అక్కడ నిలవదు. వేలంలో కొన్నట్టు కాగితం చూపిస్తేనే ముట్టుకోండి.

దాని బదులు ట్రాక్టరు ముందు తగిలించే బరువు కొన్నాను. 28 కిలోలు, 1,120 రూపాయలు. చూడటానికి దిట్టంగా ఉంది. రెండో సాయంత్రానికి దెబ్బ అంచున పడి చిటికెన వేలంత పెళ్ల లేచిపోయింది. ఇదీ పోత ఇనుమే. బ్రేకు డ్రమ్ము నేర్పిన పాఠాన్నే ఇక్కడ మళ్లీ డబ్బులిచ్చి నేర్చుకున్నాను. తిరిగి అమ్మితే 896 వచ్చాయి.

ఈసారి కొనడానికి ముందే పరీక్ష పెట్టుకున్నాను. పాత బేరింగులోంచి తీసిన 25 మి.మీ. గోళీని 25 సెం.మీ. ఎత్తు నుంచి ఇనుము మీద వదలాలి. ఎంత ఎగిరితే అంత మంచిది. పక్కన స్కేలు నిలబెట్టి ఫోనుతో వీడియో తీస్తే ఎత్తు తేలిగ్గా చదవొచ్చు.

ట్రాక్టరు బరువు: 8 సెం.మీ.
120 మి.మీ. షాఫ్టు ముక్క, కోసిన ముఖం: 14 సెం.మీ.
అదే షాఫ్టు, లేతు మీద ముఖం సాపు చేయించి మొద్దులో బిగించాక: 16 సెం.మీ.

షాఫ్టు ముక్క పొడవు 35 సెం.మీ., తూకం 31 కిలోలు, కిలో 45 చొప్పున 1,395. దీన్ని పడుకోబెట్టలేదు, నిలబెట్టాను. అంగళ్లలో దొరికే దాగలి ఆకారం చూసి మనం మోసపోతాం. దెబ్బ పడే చోటుకు సరిగ్గా కింద ఎంత ఇనుముందన్నదే లెక్క. నిలబెట్టిన షాఫ్టులో 31 కిలోలూ సుత్తి కిందే ఉంటాయి. ముఖం చిన్నదే, 12 సెం.మీ. బిళ్ల. నేను చేసే పనికి సరిపోయింది.

ఆచారి తాత కూర్చున్నచోటి నుంచే విన్నాడు.

"ఆఁ, ఇప్పుడు మాట్లాడతంది. సుత్తి నువ్వు లేపబాక, అదే లేచి చేతికొస్తది. నువ్వు కిందికి తోలితే చాలు."

కుదురుకు తుమ్మ మొద్దు, 92 సెం.మీ. పొడవు. మొద్దు నెత్తిన 8 సెం.మీ. లోతు గుంట తొలిచి షాఫ్టును దించి, సందుల్లో తుమ్మ చీలికలు కొట్టాను. మొద్దు పగలకుండా చుట్టూ ఇనుప పట్టీ బిగించాను. ఎత్తు దగ్గర మళ్లీ తప్పు. మొదట నేలలో 37 సెం.మీ. పాతితే ముఖం 82 సెం.మీ. ఎత్తున వచ్చింది. సుత్తి సాపుగా పడక ప్రతి దెబ్బకూ నెలవంక గాటు. భుజం కూడా పట్టేసింది. నిటారుగా నిలబడి పిడికిలి బిగించి చేయి వేలాడేస్తే వేళ్ల కణుపులు నేల నుంచి ఎంత ఎత్తున ఉంటాయో దాగలి ముఖం అంతే ఉండాలి. నాకు 74. గుంట మరో 8 సెం.మీ. తవ్వి దించాను, గాట్లు ఆగాయి. సుత్తి కిలోది, ఫ్యాక్టరీ సరుకు. దాని ముఖం అంచులు పదునుగా ఉంటే గ్రైండరుతో గుండ్రం చేసుకోవాలి, లేకపోతే ఎత్తు సరిగా ఉన్నా గాట్లు పడతాయి.

రెండో దశ లెక్క: ట్రాక్టరు బరువు మీద నష్టం 224, షాఫ్టు 1,395, లేతు పని 300, మొద్దు 500, పట్టీ, బోల్టులు 120. మొత్తం 2,539.
ఇప్పటిదాకా: 4,755 రూపాయలు, 33 గంటలు, 25 కిలోల బొగ్గు.

మూడో దశ: పట్టుకారు

పట్టుకారు లేకుండా పట్టుకారు చేయాలి. కడ్డీ పొడవుగా ఉన్నంతసేపు రెండో కొస చేత్తో పట్టుకోవచ్చు. పని అంతా అయ్యాకే కోయాలి.

మొదటి జత ఇల్లు కట్టగా మిగిలిన 12 మి.మీ. టీఎంటీ కమ్మీతో చేశాను. టీఎంటీ పైపొర గట్టిగా ఉండేది మిల్లులో నీళ్లు కొట్టడం వల్ల. మనం ఒకసారి ఎర్రగా కాల్చామంటే ఆ గట్టితనం పోతుంది. కార్బను తక్కువ కాబట్టి కత్తులకు పనికిరాదు, పట్టుకారుకు పరవాలేదు. దవడ దగ్గర మెడ తిప్పేటప్పుడు దాగలి అంచున పెట్టి కొట్టాను. ఆ అంచు లేతు నుంచి వచ్చినంత పదునుగా ఉంది. మెడ మూలన సన్న గాటు పడింది. పట్టించుకోలేదు. మూడో రోజు కడ్డీ పట్టుకుని కొడుతుంటే మెడ అక్కడే తెగి, ఎర్రటి ముక్క కాలి పక్కన పడింది. తోలు బూట్లు ఉన్నాయి. నైలాన్ లుంగీ, చెప్పులతో ఈ పని చేయొద్దు.

మార్చింది: దాగలి ముఖం చుట్టుకొలతలో సగభాగం 5 మి.మీ. గుండ్రం, మిగతా సగం 2 మి.మీ. గుండ్రం గ్రైండు చేశాను. మెడలు, మలుపులు 5 మి.మీ. వైపు మాత్రమే. ఇప్పటిదాకా మరో గాటు పడలేదు.

రెండో జత 16 మి.మీ. ఎంఎస్ కడ్డీతో.

1. కొస నుంచి 4 సెం.మీ. నారింజ రంగుకు కాల్చి, దవడను 8 మి.మీ. మందానికి పరచాలి.
2. పావు మలుపు ఎడమకు తిప్పి, కీలు వచ్చే బిళ్లను పరచాలి. రెండు ముక్కలూ ఒకే వైపు తిప్పాలి. ఎదురెదురుగా తిప్పితే జత కుదరదు, నేను ఒక ముక్క అలా పాడుచేశాను.
3. కాడలు సాగదీయడానికి మొదటి జతలో 3 కిలోల బొగ్గు పోయింది. ఈసారి 10 మి.మీ. టీఎంటీ కమ్మీలు వెల్డింగు చేశాను, పది నిమిషాల పని. కీలు నుంచి కాడ పొడవు 48 సెం.మీ. మొదటి జతకు 28 పెడితే చేయి సెగకు ఆగలేదు.
4. కీలుకు 8 మి.మీ. కడ్డీ ముక్క, ఎర్రగా కాల్చి రెండువైపులా తల కొట్టాలి.

రివెట్టు చల్లారేసరికి ముడుచుకుని పట్టుకారు బిగుసుకుపోయింది. అందరికీ ఇలాగే అవుతుందట. కీలు భాగం మొత్తాన్ని మళ్లీ ఎర్రగా కాల్చి, చల్లారేదాకా తెరుస్తూ మూస్తూ ఉంటే వదులవుతుంది. తూకం 920 గ్రాములు. కొంచెం బరువే. తర్వాతి జతకు దవడలు సన్నం చేస్తాను.

ఈ దశలో ఇంకొకటి మార్చాను. ఆదివారం మధ్యాహ్నం ఎండలో పనిచేసినన్నాళ్లూ కడ్డీలు కాల్చేస్తూనే ఉన్నాను. పగటి వెలుతురులో నారింజ రంగు కూడా మసక ఎరుపులా కనిపిస్తుంది, ఇంకా కాగలేదని మళ్లీ లోపల పెడతాం. కొట్టానికి పడమటి వైపు గోనెపట్టా కట్టి, సాయంత్రం ఐదున్నర తర్వాతే నిప్పు పెట్టడం మొదలుపెట్టాక కాలిన ముక్కలు ఆగాయి. కొట్టం నాలుగువైపులా మూయొద్దు. బొగ్గుల పొగ కంటికి కనపడదు, మనిషిని పడేస్తుంది.

మూడో దశ లెక్క: బొగ్గు బస్తా 700, కడ్డీ 135. మొత్తం 835.
ఇప్పటిదాకా: 5,590 రూపాయలు, 50 గంటలు, 47 కిలోల బొగ్గు.

నాలుగో దశ: తొలిక, మచ్చుకత్తి

తొలిక గురించి చెప్పడానికి పెద్దగా లేదు. విరిగిన పార రేకులోంచి ముక్క కోసి, తోక సాగదీసి, మెడ వంచి, పిడిలోకి దించాను. ఒక్క సాయంత్రం. అమ్మ మిరపతోటలో కలుపుకు వాడుతోంది.

మచ్చుకత్తే నెలన్నర తిన్నది.

లారీ కమాన్ పట్టీ (లారీ కింద బరువు మోసే స్ప్రింగు పట్టీ) తెచ్చాను: 70 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. మందం, 90 సెం.మీ. పొడవు, 5 కిలోలు, 250 రూపాయలు. మన దగ్గర కమాన్లకు ఎక్కువగా వాడే ఈఎన్ 45 అనే ఉక్కు రకంలో కార్బను సుమారు 0.55 శాతం, సిలికాను 1.5 నుంచి 2 శాతం ఉంటాయి. కానీ కొట్టులో కొన్న పట్టీ మీద రకం రాసి ఉండదు కదా.

మొదటి కత్తి. మూడు సాయంత్రాలు సాగగొట్టి ఆకారం తెచ్చాను. తమ్ముడు సమ్మెట పట్టాడు. గట్టిపడాలని ఎర్రగా కాల్చి బకెట్ నీళ్లలో నిలువునా ముంచాను. నీళ్లలోంచే టింగుమని సన్నటి చప్పుడు వినిపించింది. తీసి తుడిస్తే అంచు నుంచి లోపలికి 14 మి.మీ. వెంట్రుకంత గీత. గోరు ఆనిస్తే తగిలింది. ఆ రాత్రి అన్నం సరిగా తినలేకపోయాను.

మర్నాడు తాతకు చూపించాను. చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"ఇది కమాను పట్టీ గదా, దీనికి నీళ్లు పనికిరావబ్బయ్యా. నూనె గావాల. కొడవలికైతే అంచు మటుకు తడిపేవోళ్లం. ఇట్ట నిలువునా ముంచితే ఏ ఇనుమన్నా ఏడుస్తది."

రెండో కత్తి. నూనెలోనే ముంచాలనుకున్నాను, అందాకా రానేలేదు. సాగగొడుతుండగానే కత్తి మడమ (పిడి వైపు కొస) దగ్గర అడ్డంగా విరిగిపోయింది. విరిగిన ముఖం చూస్తే సగం మేర నల్లగా, తుప్పు పట్టి ఉంది. మిగతా సగమే తాజా విరుపు. అంటే పగులు లారీ కింద ఉన్నప్పుడే పడింది. మధ్య బోల్టు రంధ్రానికి నాలుగు వేళ్ల దూరంలో కోసిన ముక్క అది.

పట్టీలో మిగిలినదాన్ని అప్పుడు పరీక్షించాను. ఇది మొదటే చేసి ఉంటే రెండు కత్తుల పని మిగిలేది.

పగులు పరీక్ష: పట్టీని తోమి, కిరసనాయిలు పూసి పావుగంట ఉంచాలి. పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లాలి. పగులుంటే లోపల దాగిన కిరసనాయిలు సుద్దలోకి ఊరి గీతలా తేలుతుంది. నా పట్టీలో రంధ్రం చుట్టూ ఇంకో రెండు గీతలు తేలాయి. ఆ 12 సెం.మీ. కోసి పారేశాను.

గట్టితనం పరీక్ష: 4 సెం.మీ. ముక్కలు నాలుగు కోశాను.
1. కాల్చి గాలికి వదిలింది: ఆకురాయి తిన్నది, కొడితే వంగింది.
2. కాల్చి నూనెలో ముంచింది: ఆకురాయి గాజు మీద జారినట్టు జారింది. కొడితే విరిగింది, విరిగినచోట సన్నటి బూడిద రంగు, పట్టుబట్ట లాంటి నునుపు.
3. నీళ్లలో ముంచింది: కొట్టకముందే మూలన చీలింది.
4. కావాలనే పసుపు రంగుదాకా కాల్చి నూనెలో ముంచింది: విరిగినచోట పంచదార పలుకులు. ఒక్క చిన్న దెబ్బకు తెగింది.

రెండోదీ నాలుగోదీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే వేడి ఎక్కువైతే ఏమవుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ రెండు ముక్కలూ దారం కట్టి కొలిమి పక్కన వేలాడదీశాను.

వేడి కొలవడానికి స్పీకరులోంచి తీసిన అయస్కాంతం. ఇనుము 770 డిగ్రీల దగ్గర అయస్కాంతాన్ని వదిలేస్తుంది. ఒంగోలు పక్కన కొణిజేడు కొండల్లో ఉన్న ఇనుపరాయి అయస్కాంతానికి అంటుకునే రకం. చిన్నప్పుడు అయస్కాంతం పట్టుకుని ఆ రాళ్లతో ఆడుకున్న నాకు, ఎర్రటి ఇనుము దాన్ని పట్టించుకోకపోవడం మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. సిలికాను ఉన్న కమాన్ ఉక్కుకు అక్కడితో సరిపోదు, ఇంకో వంద డిగ్రీల దాకా పోవాలి. అంటే అయస్కాంతం వదిలాక ఒక ఛాయ ఎక్కువ.

నూనె: బజ్జీల బండి నుంచి వాడేసిన వేరుశనగ నూనె 5 లీటర్లు, వడగట్టుకున్నాను. పాత ఇంజను ఆయిలు వద్దు. దాని పొగ మంచిది కాదు, వాసన బట్టల్ని వదలదు. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని నెమ్మదిగా లాగుతుంది, 60 డిగ్రీలకు వెచ్చబెడితే పలచనై బాగా లాగుతుంది. మూత ఉన్న ఇనుప డబ్బాలోనే పోయండి. పక్కన ఇసుక బకెట్ ఉండాలి. నూనె అంటుకుంటే మూత వేయడమో ఇసుక పోయడమో చేయాలి, నీళ్లు పోయకూడదు.

మూడో కత్తి. పొడవు 22 సెం.మీ., వీపు మందం 6 మి.మీ., తూకం 580 గ్రాములు. ముంచేముందు మూడుసార్లు ఎర్రగా కాల్చి, ప్రతిసారీ నిశ్చలంగా గాలికి చల్లారనిచ్చాను. సుత్తి దెబ్బల వల్ల లోపల ఉన్న బిగువు ఇట్ట సర్దుకుంటుంది. అంచు పదును చేయలేదు, 1.5 మి.మీ. మందంగానే ఉంచాను. సన్నటి అంచు ముందే చల్లారి చీలుతుంది. నూనెలో ముంచి పదకొండు అంకెలు లెక్కపెట్టి తీశాను. చప్పుడు లేదు. ఆకురాయి జారింది.

ఇక్కడ గెలాక్సీ గ్రానైటు పనికొచ్చింది. ఫ్యాక్టరీ పాలిష్ పలక ముక్క మీద కత్తిని బోర్లా పెట్టి వెనక నుంచి లైటు వేస్తే వంపు దాగదు. మధ్యలో 3 మి.మీ. వెలుతురు. చల్లగా ఉన్నప్పుడు కొట్టి సరిచేద్దామనుకుంటే విరుగుతుంది. టెంపరింగుదాకా ఆగాను.

గట్టి ఉక్కు పెళుసు. మళ్లీ కొంచెం వేడిచేసి ఆ పెళుసు దించాలి, టెంపరింగంటే అదే. 20 మి.మీ. మందం ఇనుప బిళ్లను కొలిమిలో ఎర్రగా కాల్చి బయట పెట్టి, కత్తిని గరుకు కాగితంతో తెల్లగా తోమి, వీపు ఆ బిళ్ల మీద ఆనించాను. వేడి వీపు నుంచి అంచుకు పాకుతుంది, దాంతోపాటే రంగులు నడుస్తాయి. ముందు ఎండుగడ్డి రంగు, దాని వెనక గోధుమ, ఆ వెనక వంకాయ రంగు, వీపు దగ్గర నీలం. ఒక్కో రంగు చార దారమంత వెడల్పు, నెమ్మదిగా అంచువైపు జరుగుతూ వచ్చింది. కొట్టంలో దీపం ఆర్పి టార్చి వెలుగులో చూశాను. నేనూ తమ్ముడూ ఒక్క మాట మాట్లాడలేదు. వంకాయ రంగు అంచును తాకగానే నూనెలో పెట్టేశాను. సుమారు 275 డిగ్రీలు అనుకోవచ్చు. రెండో విడత అదే వేడికి తెచ్చి, ఆ వేడిలోనే రెండు చెక్కల మధ్య పెట్టి వంపు తీశాను. ఇప్పుడు పలక మీద అర మి.మీ. కన్నా తక్కువ.

పిడి తుమ్మ కర్ర. తోకను కాల్చి పిడిలోకి దించి, సందుల్లో లక్క పోశాను.

నాలుగో దశ లెక్క: కమాన్ పట్టీ 250, నూనె 300, బొగ్గు బస్తా 700, ఆకురాయి 260. మొత్తం 1,510.
ఇప్పటిదాకా: 7,100 రూపాయలు, 76 గంటలు, 73 కిలోల బొగ్గు. బస్తాలో 2 కిలోలు మిగిలాయి.

వాడి చూసింది

రోహిణి కార్తెలో, పొద్దున్నే ఎండ ముదరకముందు, చేను గట్టున ఎండిన చిల్ల కొమ్మలు కొట్టాను. మణికట్టంత లావువి ఇరవై. అంచు పెళ్ల లేవలేదు. చిల్ల కణుపు తగిలిన రెండు చోట్ల కొద్దిగా మడతపడింది, భూతద్దంలో చూస్తే అర మి.మీ. మడతపడటమంటే మెత్తదనం ఒక పిసరు ఎక్కువైందన్నమాట. తర్వాతి కత్తికి వంకాయ రంగు అంచును తాకకముందే, గోధుమ రంగులోనే ఆపి చూస్తాను. ఆకురాయితో అంచు మళ్లీ దిద్దడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. లక్క ఎండకు మెత్తబడి పిడి వెంట్రుకవాసి కదిలింది. రివెట్టు రంధ్రానికి తోక మీద చుక్క పెట్టి ఉంచాను, ఆదివారం 5 మి.మీ. డ్రిల్లుతో వేస్తాను.

తాత తన గడ్డపార పంపించాడు. మొన 6 సెం.మీ. అరిగింది.

"నీళ్లు మొనకి మటుకే పెట్టమను" అని చెప్పి పంపాడు.

ఏ రకం ఇనుమో తెలియదు. ముందు మొన కొస గోరంత కోసి పరీక్ష ముక్క తీశాను.